టేపు కింది కరివేపాకు

2018 జూలైలో నాకు సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌గా పదోన్నతి ఇచ్చి, మా యూనివర్సిటీ జీవరసాయన శాఖలోని కణవర్ధన ల్యాబ్ బాధ్యత అప్పగించారు. ఈ హోదా గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ప్రొఫెసర్లు ప్రశ్నలు వేస్తారు, పరిశోధక విద్యార్థులు ప్రయోగాలు చేస్తారు, అటెండర్లు గాజుసామాను కడిగి గదిని నడుపుతారు. ఈ ముగ్గురి మధ్య నిలబడి, యంత్రాలు సరిగ్గా చూపిస్తున్నాయా, వస్తున్న అంకెలు నమ్మదగినవేనా అని చూసుకునేవాడు టెక్నికల్ అసిస్టెంట్. నాది మామూలు బీఎస్సీ. గణాంకశాస్త్రం నాకెవరూ పాఠం చెప్పలేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట కొన్న పాత పుస్తకాలతో, మౌలాలి నుంచి తార్నాక వచ్చే బస్సులో నేర్చుకున్నాను. సీటు దొరికిన రోజు ఒక అధ్యాయం, దొరకని రోజు ఒక పేజీ. నిరుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు కాళ్ళు చాపుకొని కూర్చుని రాస్తున్నది, ఆ ల్యాబ్‌లో మొదటి ఏడాదే జరిగిన ఒక లెక్క గురించి.

కణవర్ధనం అంటే ఎప్పుడో ఒక రోగి ఒంట్లోంచి తీసిన కణాలను చిన్న చిన్న గిన్నెల్లో, పోషక ద్రవంలో, ఒంటి వేడి దగ్గర పెంచడం. పెరుగు తోడుపెట్టడం లాంటిదే. నిండిన గిన్నెలోంచి కొంచెం తీసి కొత్త గిన్నెలో వేస్తే మళ్ళీ నిండుతుంది. మా దగ్గర పెరిగేవి పెద్దపేగు క్యాన్సర్ కణాలు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటికి ఆదివారం, పండుగ సెలవు ఉండవు కాబట్టి మాకూ ఉండేవి కావు.

ఆ ఏడు ల్యాబ్‌లో ముఖ్యమైన పని శిరీషది. జనగామ వైపు రైతు కుటుంబం. అడిక్‌మెట్‌లో గది తీసుకుని పీహెచ్‌డీ చేస్తుండేది. మొక్కలు తమను తాము కాపాడుకోవడానికి తయారుచేసుకునే ఆల్కలాయిడ్లనే పదార్థాలు కొన్ని ఉంటాయి. కరివేపాకులో ఉండే అలాంటి ఒకటి పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఏం చేస్తుందన్నది ఆమె ప్రశ్న. ఆకును నీడన ఎండబెట్టి, పొడి చేసి, ద్రావకంలో నానబెట్టి, వడపోసి, పొడవాటి గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా దింపి ఒక్కో పదార్థాన్నీ విడదీయాలి. తట్టెడు ఆకుతో మొదలుపెడితే చివరికి మిగిలేది చిటికెడు.

ఆ తట్టెడు ఆకు తార్నాక కూరగాయల మార్కెట్ నుంచి తెచ్చేవాడు మా అటెండర్ బాల్‌రాజు. నా ఈడువాడే. ఉండేది వారాసిగూడలో. "ఇంత కరివేపాకు ఎవరి పెండ్లికన్నా?" అని మార్కెట్‌లో అడిగితే, "పెండ్లికి గాదు, పీహెచ్‌డీకి" అని చెప్పి వచ్చేవాడట. తట్ట దించి నాతో అనేవాడు: "సార్, లోకమంత దీన్ని కూరలకెళ్ళి ఏరి అవతల పారేస్తది. గీడ జూడుండ్రి, దీనికి ఏసీ రూము, ఫ్రిజ్జు, పహారాకు మీరు."

అలాంటి మనిషికి ఆ చలికాలంలో పెద్దపేగు క్యాన్సరే బయటపడింది. మొలలనుకొని కొంతకాలం నాటుమందు వాడాడు. తరవాత పెద్దదవాఖానలో పరీక్ష చేసి, పేగులో గడ్డ ఉన్న భాగం తీసేశారు. గాయం మానగానే కీమో మొదలుపెట్టాలని, ఆలస్యం చేయొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు. అతను సెలవు ముగించుకుని తేలిక పనులకని ల్యాబ్‌కు తిరిగొచ్చిన వారంలోనే శిరీష ప్లేటు ఫలితం వచ్చింది.

ప్లేటంటే అరచేయంత ప్లాస్టిక్ పలక. అందులో తొంభై ఆరు గుంటలు. అన్నింట్లో సమానంగా కణాలు వేసి, కొన్నింటికి మందు కలిపి, కొన్నింటికి కలపకుండా మూడు రోజులు ఉంచుతాం. ఆ తరవాత ఒక పసుపుపచ్చని రంగు వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుగా మారుస్తాయి. ఊదా ఎంత చిక్కగా ఉంటే బతికున్నవి అంత ఎక్కువన్నమాట. కొలిచే యంత్రం ఉంది. ఆ రోజు అది చూపించిందేమంటే, కరివేపాకు పదార్థం వేసిన గుంటల్లో ఊదా దాదాపు సగమే ఉంది.

శిరీష రెండు చేతులూ పైకెత్తి, "అన్నా, సగం చచ్చినయి!" అని అరిచింది. బాల్‌రాజే పరుగున వెళ్ళి గేటు బయటి నుంచి చాయ్, సమోసాలు తెచ్చాడు. నేనూ రెండు సమోసాలు తిన్నాను.

ఆ తరవాతి వారం బాల్‌రాజు భార్య సుగుణ మా శాఖ మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది. కీమోకు రమ్మన్న రోజు దాటిపోయిందట.

"అన్నా, దవాఖానకు పోనంటున్నడు. పొద్దుగాల లేస్తె కరివేపాకు రసం, పండేముందు కరివేపాకు రసం. ఇల్లంత పోపు వాసనొస్తది గని పొయ్యి మీద ఏం లేదు. పక్కింటోళ్ళు ఏం వండిన్రని రోజు అడుగుతున్రు. ఏం చెప్పాలె? మీ ల్యాబులనే తేలిందంట గద. మీరన్న చెప్పుండ్రి."

నవ్వుతూ మొదలుపెట్టింది కాని, మాట పూర్తయ్యేసరికి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

నేను బాల్‌రాజును కూర్చోబెట్టి మాట్లాడాను. అతని వాదం పక్కాగా ఉంది. "సార్, నేను వాట్సాప్ మాటలు నమ్మెటోన్ని గాదు. నేను తెచ్చిన ఆకు, శిరీషమ్మ తీసిన మందు, మీ మిషన్ చూపెట్టిన లెక్క. సగం సచ్చినయి. ఇంకింత తాగితె మిగిలిన సగం గూడ సస్తయి. గింతే గద!"

గిన్నె వేరు, కడుపు వేరు అన్నాను. "తిన్నది పేగులకే పోతది గద సార్. రోగం గూడ పేగులనే. డైరెక్ట్ బస్సు" అన్నాడు.

పేగులోది ఆపరేషన్‌లో తీసేశారనీ, డాక్టర్ల భయమంతా కంటికి కనబడకుండా రక్తంలో బయటికి పోయి ఉండగల కణాల గురించేననీ చెప్పాను. "అయితే రసం గూడ రక్తంల కలుస్తది. ఎంటబడి పట్టుకుంటది" అన్నాడు. తట్టెడు ఆకుకు చిటికెడు పదార్థం వస్తుంటే గ్లాసెడు రసంలో ఎంత ఉంటుందో లెక్క వేసి చూపించాను. "అందుకే రెండు పూటలు తాగుతున్న" అన్నాడు.

కీమోకు వెళ్ళొచ్చినవాళ్ళను వార్డులో చూసి అతను భయపడ్డాడని నాకు అప్పటికి అర్థమైంది. భయపడ్డ మనిషికి మా ల్యాబ్ నుంచి ఒక అంకె దొరికింది. దాన్ని వదలడానికి సిద్ధంగా లేడు. అది మేమిచ్చిన అంకె కాబట్టి, ఊరికే "నమ్మొద్దు" అంటే సరిపోదు.

శనివారం పూట మా ప్రొఫెసర్ వసుంధర మేడమ్ ల్యాబ్ సమావేశం పెట్టేవారు. వారమంతా చేసిన పని ఒక్కొక్కరూ చెప్పాలి. శిరీష గోడమీద బొమ్మ చూపించి, కరివేపాకు పదార్థం సగం కణాలను చంపుతుందని చెప్పింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. అది ప్రశ్న వస్తోందనడానికి గుర్తు.

"సగం అన్నావు. మందు వేయని గుంటల్లో ఉన్నదాంట్లో సగం. ఉన్నవి చచ్చి సగమయ్యాయా, కొత్తవి పుట్టక సగమయ్యాయా?"

శిరీష యంత్రం వైపు చూసింది. యంత్రం దగ్గర జవాబు లేదు. అది రంగు కొలుస్తుందే కాని, శవాలను లెక్కపెట్టదు. ఈ రెండింటికీ తేడా పైకి చిన్నదిగా కనబడుతుంది. బడిలో యాభైమంది పిల్లలుండాల్సిన చోట పాతికమందే ఉంటే, మిగతావాళ్ళు వెళ్ళిపోయారా, అసలు చేరనేలేదా అన్నంత తేడా.

తేల్చుకునే దారి పాతదే. సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలను కంటితో లెక్కపెట్టాలి. దీనికి గళ్ళు గీసిన గాజు పలక ఉంటుంది. కణాల ద్రవంలో ఒక నీలిరంగు కలుపుతాం. బతికున్న కణం రంగును లోపలికి రానివ్వదు, తెల్లగా మెరుస్తుంది. చచ్చిన కణం పొర దెబ్బతిని, రంగు లోపలికి పోయి నీలంగా మారుతుంది. మేడమ్ ఇంకో జాగ్రత్త చెప్పారు: చచ్చిన కణాలు అడుగు వదిలి పైకి తేలుతాయి, పైద్రవం పారబోస్తే వాటిని పారబోసినట్టే; కాబట్టి దాన్ని కూడా కలిపి లెక్కపెట్టాలి.

మా ల్యాబ్‌లో లెక్కకొక ఆచారం ఉండేది. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు పెట్టింది. కణాల ద్రవం పోసిన గొట్టాల మీద విద్యార్థి అసలు పేర్లు రాస్తాడు. లెక్కపెట్టనివాడొకడు వాటిని పక్కగదిలోకి తీసుకెళ్ళి, పేరు మీద తెల్లటేపు చుట్టి, టేపు మీద అంకె వేసి, వరుస కలిపేసి తెస్తాడు. ఇద్దరు వేర్వేరుగా, ఒకరి లెక్క ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ దగ్గరగా వస్తేనే టేపు తీయాలి. ఒక కన్ను ఆశగా చూస్తుంది, ఒక కన్ను నిద్రమత్తుగా చూస్తుంది. ఏ కన్ను ఎలా చూసినా గొట్టంలో ఏముందో తెలియనప్పుడు పక్షపాతానికి పట్టు దొరకదు.

ఆ రెండో లెక్క చాలా ఏళ్ళుగా చేస్తున్నది బాల్‌రాజే. ఎప్పుడో ఒక పాత ప్రొఫెసర్ నేర్పారు. ఈసారి కూడా అతన్నే పెడదామని నేనన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "ఆ ఆకు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆయనతో వద్దండీ."

"శిరీషక్కూడ ఆశే ఉన్నది మేడమ్, ఆమె లెక్కపెడ్తలేదా? అందుకే గద టేపు వేసేది" అన్నాను.

ఆమె ఒప్పుకుని ఒక షరతు పెట్టారు. "ఏమేం పెడుతున్నామో ఆయనకు ముందే చెప్పండి. ఏది ఎక్కడుందో మాత్రమే దాచండి. ఇష్టమైతేనే కూర్చోమనండి."

అలాగే చెప్పాను. మూడు రకాలు, ఒక్కోటి మూడేసి గొట్టాలు, మొత్తం తొమ్మిది. ఏ మందూ వేయనివి కొన్ని. కరివేపాకు పదార్థం వేసినవి కొన్ని. పోలికకోసం, పెద్దపేగు క్యాన్సర్‌కు డాక్టర్లు నరానికి ఎక్కించే మందు వేసినవి కొన్ని. అన్నింట్లోనూ మొదట వేసిన కణాలు సమానమే.

బాల్‌రాజు చొక్కా చేతులు మడిచాడు. "నేను గాకపోతె ఇంకెవరు లెక్కపెడ్తరు సార్? నా కేసే గద నడుస్తున్నది."

మందులు వేసిన మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను టేపులు వేసి తెచ్చిన గొట్టాలతో శిరీష, బాల్‌రాజు కూర్చున్నారు. రెండు సూక్ష్మదర్శినుల దగ్గర ఇద్దరు, ఇద్దరి చేతుల్లో బొటనవేలితో నొక్కే లెక్క మీటలు. టిక్కు టిక్కుమని ఆ చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. బాల్‌రాజుకు మాత్రం మాట్లాడకుండా లెక్కపెట్టడం రాదు. "సగ్గుబియ్యం తీరుగ మెరుస్తున్నయి" అన్నాడొకసారి. "అబ్బా, నేరేడుపండ్లు!" అన్నాడింకోసారి. శిరీష "అన్నా, జర చుప్ ఉండు, నా లెక్క పోతున్నది" అని కసిరింది.

లెక్కలు నా చేతికిచ్చారు. రెండూ బాగా దగ్గరగా ఉన్నాయి. ఈలోగా బాల్‌రాజు ఆ తొమ్మిది గొట్టాలనూ స్టాండులో మూడు వరుసలుగా సర్దేశాడు. మొదటి వరుసవి కిక్కిరిసి ఉన్నవి, అన్నీ తెల్లగా మెరిసేవి. రెండో వరుసవి వాటిలో సగమే, కాని అవీ మెరిసేవే, నీలం ఎక్కడో ఒకటీ అరా. మూడో వరుసలో ఉన్నవే తక్కువ, వాటిలోనూ చాలావరకు నీలం.

"టేపు తియ్యకముందే చెప్త వినుండ్రి" అన్నాడు. "మొదటిది ఏం మందు లేంది. గదైతె చిన్నపిల్లలక్కూడ తెలుస్తది. నడుమది దవాఖాన మందు. ఉత్తగ వెంట్రుకలు రాలగొడ్తది గని రోగాన్ని ఏం జేస్తలేదు, జూడుండ్రి, అన్ని నిక్షేపంగ ఉన్నయి. గీ మూడోది, గీ నేరేడుపండ్ల లైను, ఇది మన ఆకు. అరే, ఏం కొట్టుడు కొట్టింది!"

శిరీష కూడా మూడో వరుస వైపే ఆశగా చూస్తోంది. ఏది ఏదో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక గడియారం చూశాను. టేపు అతన్నే తీయమన్నాను.

మూడో వరుసలో మొదటి గొట్టం టేపు గోటితో లేపాడు. కింద శిరీష చేతిరాతలో డాక్టర్ల మందు పేరు. రెండోది తీశాడు, అదే. మూడోది తీశాడు, అదే. అప్పుడు నడిమి వరుస మీదికి చేయి పోనిచ్చి, నా ముఖం చూసి, మెల్లగా ఒక టేపు తీశాడు. కరివేపాకు.

"మీరు టేపులు వేసేటప్పుడు ఏమన్న తారుమారైనయా సార్?"

"పేరు తియ్యకుండ దానిమీదనే టేపు వేసిన. ఇప్పుడు నువ్వే తీసినవ్."

"మరి నా కండ్లు తప్పు చెప్పినయా?"

"కండ్లు కరెక్టే చెప్పినయి. నీ లెక్క, శిరీష లెక్క ఒక్కటే. నువ్వు వరుసలు గూడ సరిగ్గనే పెట్టినవ్. పేర్లే ఇటుదటు చెప్పినవ్."

అతను మళ్ళీ సూక్ష్మదర్శిని దగ్గరకు వెళ్ళి, కరివేపాకు పలక పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను తెల్లబోర్డు మీద లెక్క వేశాను. మందు లేని కణం రోజుకొకసారి రెండవుతుందనుకుందాం. మూడు రోజుల్లో ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. కరివేపాకు పదార్థం ఉన్నచోట రెండవడానికి ఒకటిన్నర రోజు పట్టిందనుకుందాం. అదే మూడు రోజుల్లో ఒకటి రెండు, రెండు నాలుగు. ఎనిమిది ఉండాల్సిన చోట నాలుగున్నాయి. యంత్రం "సగం" అంటుంది. నిజంగా సగమే. కాని ఒక్కటి కూడా చావలేదు. ఒకటి వేస్తే నాలుగయ్యాయి.

బాల్‌రాజు బోర్డు చూసి, గొట్టాలు చూసి, కుర్చీలో కూర్చున్నాడు.

"అంటే మన ఆకు బ్రేకేస్తది గని ఇంజిన్ బంద్ చేస్తలేదు."

"అంతే."

"ఉత్త బ్రేకు మీద ఎంతదూరం పోతం సార్? బండి పోతనే ఉంటది గద."

"పోతనే ఉంటది. మూడు దినాలకు నాలుగు, ఆరు దినాలకు పదహారు."

"అరే, ఆపుండ్రి సార్, మీరు లెక్క మొదలువెడితె ఆగరు" అని నవ్వాడు. పది రోజుల తరవాత అదే మొదటిసారి అతను నవ్వడం. తరవాత జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు. "సుగుణకు మీరే చెప్పుండ్రి, రేపు పోదామని. నేను చెప్తె ముందుగాల పోపు గురించి తిడ్తది."

ఒక మాట నేను అప్పుడే చెప్పాను, ఇక్కడా చెప్పాలి. ఆ మధ్యాహ్నం గొట్టాల్లో డాక్టర్ల మందు గెలవడమే, అది మనిషి ఒంట్లో పనిచేస్తుందనడానికి రుజువు కాదు. గిన్నెలో కణాలను చంపేవి చాలా ఉన్నాయి, గిన్నెలో వేస్తే బట్టల సబ్బు కూడా చంపుతుంది. ఆ మందుకు మనుషుల మీద ఎంత ఇవ్వాలో, ఎన్ని విడతలివ్వాలో, ఏం చెడు చేస్తుందో ఏళ్ళ తరబడి కొలిచి పెట్టుకున్నారు. ఆకుకు ఆ కొలత ఇంకా లేదు. అసలు తేడా అది.

మర్నాడు నేనూ వాళ్ళతో వెళ్ళాను. రసం సంగతి డాక్టరమ్మకు తప్పకుండా చెప్పాలన్నాను. బాల్‌రాజు గొణిగాడు, సుగుణే చెప్పింది. మందుతో కలిస్తే ఏమవుతుందో ఎవరూ కొలవలేదు కాబట్టి చికిత్స నడిచినన్నాళ్ళూ రసం మానేయమని డాక్టరమ్మ చెప్పారు. కూరలో కరివేపాకు? అది వేసుకోవచ్చన్నారు. ఆలస్యం మరీ చేయి దాటలేదన్నారు. విడతల వారీగా కీమో మొత్తం పూర్తి చేశాడు. మధ్యలో చేతివేళ్ళు తిమ్మిరెక్కి లెక్క మీట నొక్కలేకపోతే, అతను నోటితో "ఒకటి, ఒకటి" అంటుంటే నేను నొక్కేవాణ్ణి.

శిరీషకు రెండు రోజులు అన్నం సహించలేదు. "చంపుతుంది" అన్నమాట చుట్టూ అల్లుకున్న సెమినార్ అంతా విప్పాల్సి వచ్చింది. మేడమ్ ఆమెను పిలిచి, చంపేవి బోలెడున్నాయి, ఎలా నెమ్మదింపజేస్తోందో కనుక్కుంటే అది నీ సొంత ప్రశ్న అవుతుందని చెప్పారట. తరవాతి ఏడాది ఆమె ఆ పనే చేసింది. కణం రెండుగా చీలడానికి ముందు కొన్ని మెట్లు ఎక్కాలి. కరివేపాకు పదార్థం ఉన్నప్పుడు కణాలు ఒక మెట్టు దగ్గర గుంపుగా ఆగిపోతున్నాయని చూపించింది. థీసిస్ పేరులో "చంపడం" లేదు, "నెమ్మదింపు" ఉంది. పట్టా వచ్చిన రోజు సమోసాలు తెచ్చింది బాల్‌రాజే. ఇప్పటికీ పనిలో ఉన్నాడు, పరీక్షలకు వేళ తప్పకుండా వెళ్తున్నాడు, తార్నాక మార్కెట్‌లో కరివేపాకు బేరం ఆడుతున్నాడు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నవి రెండు. "సగం" అని ఎవరైనా అంటే, దేనిలో సగమని ఒకసారి, ఎలా సగమైందని ఇంకొకసారి అడగాలి. రెండోది, ఆశ ఉన్న మనిషిని లెక్క నుంచి తప్పించనక్కర్లేదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ ఆశ ఉన్నది బాల్‌రాజుకే, అయినా అతని లెక్క సరిగ్గానే వచ్చింది. నేను పదిసార్లు చెబితే నమ్మని మాటను తన వేలితో నొక్కిన మీట చెబితే నమ్మాడు. గొట్టం మీద టేపు గట్టిగా ఉంటే చాలు.